అమ్మ తదనంతరం నలభై సెంట్లు

1996లో నాన్న రాసి రిజిస్టరు చేయించిన వీలునామాలో "తదనంతరం" అనే మాట రెండుసార్లు వస్తుంది. నా తదనంతరం నా భార్య సదరు భూమి ఫలసాయం జీవితాంతం అనుభవించవలెను, అమ్మకం, తాకట్టు హక్కులు లేవు. ఆమె తదనంతరం నా నలుగురు సంతానం సమభాగాలుగా, దానవిక్రయాది సర్వహక్కులతో పొందవలెను. అంతే, ఒక పేజీ కూడా నిండలేదు. నాన్న 1999లో పోయారు. అమ్మ 2023 కార్తీకంలో, కోతలింకా మొదలవక ముందే పోయింది. ఈ మధ్య కాలమంతా కౌలు బస్తాలు అమ్మవే, పొలం పాస్‌బుక్కూ అమ్మ పేరు మీదే. అమ్మకి అమ్మే హక్కు లేదన్న సంగతి పాస్‌బుక్కులో ఎక్కడా ఉండదు, అది తెలిసింది ట్రంకుపెట్టెలో ఉన్న ఆ కాగితానికీ మాకూ మాత్రమే.

తెనాలి దగ్గర 6 ఎకరాల 40 సెంట్లు, మూడు ముక్కలు. కాలవ కింద మాగాణి 2 ఎకరాల 90, దాని దిగువన పల్లం 2 ఎకరాల 10, ఊరవతల రోడ్డు పక్కన మెరక 1 ఎకరం 40. అన్నయ్య, అక్క, నేను, తమ్ముడు. నలుగురికి 6.40 అంటే తలా 1.60, ఇందులో తగువేముంది అనుకున్నాను. హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో కూర్చుంటే భూమంతా ఒకటిలాగే కనిపిస్తుంది మరి.

ముందు ఊళ్లో మాటలు. అక్కకి 1983లోనే పెళ్లయింది కాబట్టి వాటా రాదని ఒక పెద్దమనిషి తేల్చేశాడు. ఆయన చెప్పేది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన ఎన్టీఆర్ కాలం నాటి, ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన చట్టం గురించి. అప్పటికే పెళ్లైన ఆడపిల్లలకి అది వర్తించలేదు, నిజమే. కానీ అది ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితం సంగతి, పైగా 2005లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ వచ్చాక ఆ తేడా కూడా పోయింది. మాది నాన్న స్వార్జితం, వీలునామాలో అక్క పేరు రాసి ఉంది. అయినా "ఆడపిల్లలు పసుపు కుంకుమలు తీసుకుని సంతకం పెట్టేస్తే పోయేది కదా" అన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నేను వాళ్లతో వాదించలేదు. కాఫీ ఇచ్చి పంపించాను.

అసలు చిక్కు తమ్ముడి దగ్గర వచ్చింది. వాడు 2016లో, అమ్మ బతికుండగానే పోయాడు. అమ్మ కన్నా ముందే పోయాడు కాబట్టి వాడి వాటా వాడితోనే పోయిందని అన్నయ్య నమ్మకం. చెడ్డ ఉద్దేశంతో కాదు, నిజంగానే అలా అనుకున్నాడు. వకీలు గారు కాదన్నారు. నాన్న పోయిన రోజునే ఆ హక్కు మీ నలుగురిలో నాటుకుపోయింది, చేతికి రావడానికే అమ్మ తర్వాతి దాకా ఆగాలి, కాబట్టి తమ్ముడి వాటా తమ్ముడి వారసులదే అన్నారు. మరదలు తల వంచుకుని కూర్చుంది, ఊపిరి పీల్చుకోవడం మాత్రం నాకు వినపడింది.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆయన బల్ల మీదున్న పెళ్లికార్డు తిరగేసి దాని వెనక లెక్క వేయడం మొదలుపెట్టారు. తమ్ముడు పోయినప్పుడు వాడి వారసులు ఎవరు? భార్య, ఇద్దరు కొడుకులు, తల్లి. హిందూ వారసత్వ చట్టంలో కొడుకు ఆస్తికి తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. అంటే తమ్ముడి 1.60లో నాలుగో వంతు, 40 సెంట్లు, అమ్మకి వచ్చాయి. అవి జీవితకాలపు హక్కుతో వచ్చినవి కావు, పూర్తిగా ఆవిడవే. ఇప్పుడు అమ్మ పోయింది, ఆ 40 మళ్లీ నాలుగు భాగాలు, అన్నయ్యకి పది, అక్కకి పది, నాకు పది, తమ్ముడి పిల్లలిద్దరికీ కలిపి పది. మరదలికి అత్తగారి ఆస్తిలో లేదు. మొత్తం మీద మా ముగ్గురికీ తలా 1.70, తమ్ముడి ఇంటికి 1.30. కార్డు మీద 1.30 కింద రెండు గీతలు గీశారాయన.

"చట్టం ఎలా ఉంటే అలాగే కానివ్వండి బావగారూ" అంది మరదలు. అన్నయ్య ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఒప్పుకోవాలి కదా, రోడ్డు పక్కన పది సెంట్లంటే ఎంతవుతుందో కారులో తిరిగొస్తున్నప్పుడు మనసులో లెక్క వేసుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టక లేచి మళ్లీ వేసుకున్నాను.

పొద్దున టిఫిన్ దగ్గర అక్కే అంది, "వాడు బతికుంటే ఈ నలభై సెంట్లు అమ్మకి వచ్చేవా? కొడుకు పోతే తల్లికొచ్చిన దాన్ని మనం కూర్చుని పంచుకుంటామా?" అన్నయ్య ఇడ్లీ తింటూనే "వద్దులే" అన్నాడు. అంతటితో తేలిపోయింది, నేను రాత్రంతా చేసిన లెక్క ఎవరికీ చెప్పలేదు, ఇదిగో ఇక్కడే రాస్తున్నాను.

ఇంకో దారి కూడా ఉందని ఒకాయన చెవిలో వేశాడు. నెల్లూరులో మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లిన తులసమ్మ, శేషారెడ్డి కేసులో 1977లో తీర్పు వచ్చింది. మనోవర్తి హక్కు కింద ఆడమనిషికి ఇచ్చిన ఆస్తి, కాగితంలో జీవితకాలం అని రాసి ఉన్నా, 1956 హిందూ వారసత్వ చట్టం 14(1) సెక్షను వల్ల ఆమెకి సంపూర్ణ హక్కు అవుతుందని. భర్త వీలునామాతో ఇచ్చినదానికి కూడా ఇది వర్తిస్తుందా, లేక 14(2) కింద రాసిన షరతులే నిలుస్తాయా అన్నదాని మీద తీర్పులు రెండు రకాలుగా ఉన్నాయి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టే దీన్ని పెద్ద బెంచికి పంపింది. మేం అటు వెళ్లలేదు. భూమంతా అమ్మ సొంతమే అయిందని అలా వాదించి గెలిచినా వచ్చేది తలా 1.60యే, ఆ నాలుగో వాటాలో మరదలి పేరు ఉండదు, పిల్లలకే వెళ్తుంది. దానికోసం పదేళ్లు కోర్టు మెట్లు ఎక్కడం ఎందుకు?

తమ్ముడి చిన్నవాడికి 2024లో పద్దెనిమిది నిండేదాకా ఆగాం. మైనరు వాటా అయితే రేపు పెద్దయ్యాక అన్యాయం జరిగిందని తిరగదోడొచ్చట.

ఇక నేల. ఒక్కో ముక్కనీ నాలుగు చీలికలు చేద్దామని నేనే అన్నాను, ఎవరికీ బాధ ఉండదని. అన్నయ్య నవ్వాడు. రోడ్డు పక్కన 35 సెంట్ల చీలికలో ఏం చేస్తావు, కోత మిషను తిప్పుకోవడానికే చాలదు అన్నాడు. అప్పుడు కాలవ కింద సెంటుని కొలతగా పెట్టుకుని రేటు కట్టాం. రోడ్డు సెంటు ఒకటికి కాలవ కింద సెంట్లు రెండు. పల్లం దగ్గర గంటన్నర పట్టింది. అమ్మ పోయిన కొద్ది రోజులకే, డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి పల్లంలో పడిపోయి, కంకుల మీదే మొలకలొచ్చాయి. అవి అమ్మ పేరు మీద రావాల్సిన ఆఖరి బస్తాలు. పల్లం రెండు సెంట్లకి కాలవ కింద ఒక్కటే కట్టాలని అక్క పట్టు. "ఒక్క తుపానుకి నేల విలువ పోతుందా, మూడింటికి రెండు కట్టాలి" అని అన్నయ్య. ఆయనే సేద్యం చేసేది, ఆయన మాటే నిలిచింది.

ఆ లెక్కన కాలవ కింద 290, రోడ్డు 280, పల్లం 140, మొత్తం 710. తలా 177న్నర. వాటాలు వేసింది అన్నయ్యే, మా ఊళ్లో పద్ధతి అది, పెద్దవాడు వాటాలు వేస్తే చిన్నవాళ్లు ముందు కోరుకోవాలి. రెండు వాటాల్లో ఒక్కోదానికి రోడ్డు పక్కన 70 సెంట్లూ, డొంక వైపు మాగాణి ముప్పై ఏడున్నరా. మూడోది కాలవ కింద ఒకటే చెక్క, 1 ఎకరం 77న్నర. నాలుగోది పల్లం మొత్తం, దాన్ని ఆనుకుని ముప్పై ఏడున్నర మాగాణి, కొలతకి అదే పెద్దది, దాదాపు రెండున్నర ఎకరాలు. ఎవరికీ 1.60 రాలేదు చూడండి.

మరదలు రోడ్డు వాటా తీసుకుంటుందని అందరం అనుకున్నాం. కాలవ కింద చెక్క కోరుకుంది. "ఏటా బస్తాలొస్తే ఫీజులకి ఉంటుంది, రోడ్డు పక్కది ఉంటే అమ్మేయబుద్ధేస్తుంది వదినా" అంది నాతో. నేనొక రోడ్డు వాటా, అక్క ఇంకొకటి. మిగిలింది పల్లం.

పారీఖత్తులో, అంటే పంపకాల దస్తావేజులో, వకీలు గారు రెండు వాక్యాలు గట్టిగా రాయించారు. డొంక నుంచి పల్లం దాకా గట్టు వెంట 12 అడుగుల బాట నలుగురి ఉమ్మడి అని, కాలవ తూము నుంచి వచ్చే బోదెని ఎవరూ పూడ్చరాదని. అవి లేకపోతే అన్నయ్య తన చేలోకి ఇంకొకరిని అడిగి వెళ్లాల్సి వచ్చేది. నలభై సెంట్ల మీద మా హక్కు వదులుకుంటున్నట్టు కూడా అందులోనే రాశాం. రిజిస్ట్రేషన్ అయింది, సబ్ డివిజన్ కోసం సర్వేకి అర్జీ పెట్టాం, ఇంకా రాళ్లు పాతలేదు.

ఆ రోజు సంతకాలయ్యాక బయట చెట్టు కింద సోడా తాగుతూ, పల్లం నీకు పడింది కదా అన్నయ్యా, రేటు మళ్లీ చూద్దామా అని అడిగాను. కాసేపు సీసాలో గోళీ ఆడిస్తూ నిలబడ్డాడు.

"నేను కట్టిన రేటే కదమ్మా" అన్నాడు.