టర్నర్ ట్రేడ్: లేత్‌లో వచ్చే లోపాలనే సిలబస్‌గా చదివాను

ఐటీఐ టర్నర్ (లేత్ మెషిన్ మీద లోహాన్ని తిప్పుతూ కోసే పని) ట్రేడ్ టెస్టుకు, రైల్వే ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్) రెండో దశ సీబీటీకి, అంటే కంప్యూటర్ పరీక్షకు, సిద్ధమవుతున్న తమ్ముళ్ళ కోసం, చెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఏఎల్‌పీలో పార్ట్ బి అంటే మన ట్రేడ్ ప్రశ్నలే. 75 ప్రశ్నలు, 60 నిమిషాలు, ఏ కేటగిరీ వాళ్ళకైనా 35 శాతం వస్తేనే అర్హత. భాగాల పేర్లు, నిర్వచనాలు బట్టీ పట్టి కొన్ని దాటేయవచ్చు. కానీ "జాబ్ (కోస్తున్న లోహపు ముక్క) ఇలా వచ్చింది, కారణం ఏమిటి" అని అడిగితే బట్టీ పనికిరాదు. అందుకే నేను లోపం దగ్గర మొదలుపెట్టి కారణానికి వెళ్ళేలా చదివాను. ప్రాక్టికల్‌కూ అదే పనికొచ్చింది.

ముందు చాటర్, అంటే కోస్తున్నప్పుడు టూల్, జాబ్ అదరడం. జాబ్ మీద అలల్లా గీతలు పడి మెషిన్ కీచుమంటుంటే చాలామంది వెంటనే టూల్ సాన పెడతారు. మొద్దుబారిన టూల్ కూడా ఒక కారణమే, కాదనను. అయితే ముందు టూల్ పోస్ట్ (టూల్‌ని బిగించే భాగం) నుంచి టూల్ ఎంత బయటికి ఉందో చూడండి. తర్వాత చక్ (జాబ్‌ని పట్టి తిప్పే భాగం) బయట జాబ్ పొడవు, క్రాస్ స్లైడ్ (టూల్‌ని జాబ్ వైపు అడ్డంగా జరిపే భాగం) గిబ్ పట్టీ వదులు, నోస్ రేడియస్ (టూల్ మొన గుండ్రదనం), చివరగా స్పీడు. పొడవు జాబ్‌కి టెయిల్‌స్టాక్ (చక్‌కి ఎదురుగా అవతలి కొసను ఆపే భాగం) సెంటర్ ఆసరా ఇచ్చి, స్పీడు తగ్గించి, ఫీడ్ (ఒక చుట్టుకు టూల్ జరిగే దూరం) కాస్త పెంచితే సగం సమస్య అక్కడే పోతుంది.

టూల్ ఎత్తు మీద ప్రశ్నలు తికమక పెడతాయి. బయటి టర్నింగ్‌లో టూల్ సెంటర్ కన్నా పైన ఉంటే రేక్ (టూల్ పైముఖం వాలు) పెరుగుతుంది, క్లియరెన్స్ (టూల్‌కీ జాబ్‌కీ మధ్య ఖాళీ కోణం) తగ్గి టూల్ రుద్దుకుంటుంది. బోరింగ్‌లో, అంటే రంధ్రం లోపల కోసేటప్పుడు, సరిగ్గా తలకిందులు. ఫేసింగ్ (జాబ్ కొస ముఖాన్ని చదును చేయడం) చేశాక మధ్యలో చిన్న బొడిపె మిగిలిందంటే టూల్ సెంటర్‌లో లేదని అర్థం. దీన్ని బొమ్మ గీసుకునే చదవాలి, వేరే దారి లేదు.

అక్కర్లేని టేపర్, అంటే జాబ్ ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా రావడం, ఇంకా ముఖ్యం. సెంటర్ల మధ్య తిప్పిన జాబ్ టెయిల్‌స్టాక్ వైపు లావుగా వస్తే, టెయిల్‌స్టాక్ మన నుంచి అవతలికి జరిగి ఉన్నట్టు. ఆ చివరా ఈ చివరా సన్నని కట్ వేసి మైక్రోమీటర్‌తో కొలవండి. వ్యాసాల్లో 0.04 మి.మీ. తేడా ఉంటే టెయిల్‌స్టాక్‌ని మనవైపు దాదాపు 0.02 జరపాలి. సగమే ఎందుకంటే కట్ వ్యాసార్ధంలో పడుతుంది, మనం కొలిచేది వ్యాసం. అదే చక్‌లో ఒక కొసనే పట్టిన సన్నని జాబ్ బయటి కొస లావుగా వస్తే టెయిల్‌స్టాక్‌కి సంబంధం లేదు, జాబ్ వంగి టూల్ నుంచి తప్పుకుంటోంది.

థ్రెడింగ్‌కి (మర కోయడానికి) ఎక్కువ సమయం పెట్టండి, తప్పకుండా పెట్టండి. లీడ్ స్క్రూ (థ్రెడింగ్‌లో టూల్‌ని నడిపే మర కడ్డీ) పిచ్, అంటే మర గాళ్ళ మధ్య దూరం, 6 మి.మీ., జాబ్ పిచ్ 2 అయితే 6ని 2 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి హాఫ్ నట్ (టూల్‌ని లీడ్ స్క్రూకి కలిపే నట్) ఎక్కడ వేసినా పాత గాడిలోనే టూల్ పడుతుంది. ఎం20 (20 మి.మీ. మెట్రిక్ మర)కి పిచ్ 2.5. ఇక్కడ అలా కుదరదు. చేజింగ్ డయల్ (హాఫ్ నట్ ఎప్పుడు వేయాలో చూపే డయల్) చూసి వేయాలి, లేదా హాఫ్ నట్ విప్పకుండా టూల్ వెనక్కి లాగి మెషిన్ రివర్స్ తిప్పాలి. గేర్ నిష్పత్తి 2.5/6, అంటే డ్రైవర్ (తిప్పే గేర్) 25 పళ్ళు, డ్రివెన్ (తిరిగే గేర్) 60 పళ్ళు. అంగుళాల లీడ్ స్క్రూ మీద మెట్రిక్ థ్రెడ్ కోయాలంటే 127 పళ్ళ గేర్ ఎందుకో కూడా చూసుకోండి: అంగుళం 25.4 మి.మీ., దాన్ని 5తో గుణిస్తే 127.

స్పీడు లెక్క అందరికీ తెలిసిందే. 40 మి.మీ. మైల్డ్ స్టీలు, కటింగ్ స్పీడు నిమిషానికి 30 మీటర్లు అయితే సుమారు 239 ఆర్‌పీఎం. మెషిన్‌లో దానికి దిగువన ఉన్న స్పీడు పెట్టాలి.

ప్రాక్టికల్ రోజు మీకు ఇచ్చిన లేత్ మీరు రోజూ వాడేది కాకపోవచ్చు. క్రాస్ స్లైడ్ డయల్ లోతు చూపిస్తుందా, వ్యాసం చూపిస్తుందా అన్నది ఒక చిన్న కట్ వేసి కొలిచి తేల్చుకున్నాకే అసలు పనికి దిగండి. డయల్ గీత దాటిపోతే బ్యాక్‌లాష్ (స్క్రూలో ఉండే వదులు) పోయేంత వెనక్కి తిప్పి మళ్ళీ అదే దిశలో రండి. చక్ కీ పని అయిన క్షణమే తీసేయండి. చేతులకు గ్లోవ్స్ వద్దు, చిప్స్‌ని (కోసిన లోహపు తురుమును) కొక్కెంతోనే లాగాలి, అది కూడా మెషిన్ ఆపాకే. మార్కుల కోసమే అనుకోకండి, మీ వేళ్ళ కోసం చెబుతున్నాను.