నా కొలతలకు తయారైన బేస్

కోరి చేయించుకున్న ఐదు తీగల బేస్ గిటార్ ఈ వారం చేతికి వచ్చింది. చూసినవాళ్లందరూ ముందుగా అడిగేది ఏ చెక్కతో చేశారనే. నాకు మాత్రం అంతకన్నా ముఖ్యం తూకం. బెల్టు తగిలించుకుని రెండు చేతులూ వదిలేస్తే మెడ నేల వైపు వాలకూడదు. వాలితే ఎడమ చేయి వాయించడం మానేసి మోయడం మొదలుపెడుతుంది, కాసేపటికే భుజం పట్టేస్తుంది. అందుకే బెల్టు తగిలే పై కొమ్మును పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దాకా సాగదీయమని, మెడ చివర తేలికైన ట్యూనర్లు (తీగల శ్రుతి సరిచేసే మరలు) బిగించమని ముందే అడిగాను. చేతులు వదిలి చూశాను, మెడ కదల్లేదు. ఎంత హాయిగా ఉందో!

1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌తో వచ్చిన 34 అంగుళాల స్కేలు (తీగలో మోగే భాగం పొడవు) నాలుగు తీగలకు చక్కగా సరిపోతుంది. ఐదో తీగ బి మాత్రం దాదాపు 31 హెర్ట్జ్ దగ్గర, చాలా కింది స్వరంలో మోగుతుంది. బిగువు చాలకపోతే స్వరం మసకబారుతుంది. పొడవు పెరిగితే బిగువూ పెరుగుతుంది, నేను 35 అంగుళాలు ఎంచుకున్నది అందుకే. మొదటి ఫ్రెట్ల దగ్గర వేళ్లు కాస్త ఎక్కువ చాచాలి. చేతులు చిన్నవైతే ఇది బాగా ఆలోచించుకోవాల్సిన విషయం.

చేయించుకోవాలనుకునేవారు, ఎవరినైనా అడిగి తెచ్చుకునైనా సరే, అదే స్కేలు, అదే మెడ వెడల్పు ఉన్న బేస్‌ను నిలబడి వాయించి చూడండి. కూర్చుంటే తూకం తెలియదు. లోపల ప్రీయాంప్ (బ్యాటరీతో శబ్దాన్ని పెంచి సరిచేసే చిన్న సర్క్యూట్) ఉంటే వాయించడం అయ్యాక కేబుల్ తీసేయండి. చాలా బేస్‌లలో అది గుచ్చి ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.