లప్పం కింద జంగు: మా బాపు మారుతి 800 రిపేరు అనుభవం

నిన్ననే మా మారుతి 800 రీ-రిజిస్ట్రేషన్ పూర్తయింది. ఇంకో అయిదేళ్ళు, అంటే 2029 దాకా ఢోకా లేదు. కానీ మధ్యలో ఒక షాపువాడు చేసిన మోసానికి కడుపులో మంట ఇంకా చల్లారలేదు. పాత కారు ఉన్నవాళ్ళకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

2009లో మా బాపు రిటైరైన డబ్బులతో కొన్న బండి ఇది. ఏపీ 36 నంబరు. డిక్కీలో బంగారం (అమ్మవార్లకు మొక్కే బెల్లం) వేసుకుని ఎన్నిసార్లు మేడారం పోయొచ్చిందో లెక్కలేదు. బాపు పోయాక అమ్మేయమన్నారు అందరూ. నా వల్ల కాలేదు. 2023 జులై చివరి వానలకు హనుమకొండలోని నయీంనగర్ నాలా పొంగి, బండి సీట్ల దాకా మునిగింది. ఇంజన్ అప్పుడే బాగుచేయించాను కానీ, కార్పెట్ ఎత్తి కింద రేకు చూడలేదు. ఆ తప్పు నాదే.

సొంత కారుకు పదిహేనేళ్ళు నిండితే తనిఖీ చేయించి, అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25 పెట్టుకోవచ్చు. ఆ దరఖాస్తు పని సాఫీగానే జరిగింది. మెకానిక్ పని కూడా అంతే. సైలెన్సర్, లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు మార్చాం. స్పీడ్ బ్రేకర్ల మీద టకటక పోయింది. వెనక బ్రేకు పైపు ఒకచోట జంగు తిని పలచబడితే, "జాయింట్ వేస్తే నడుస్తది సార్" అన్నాడు మెకానిక్. నేను ఒప్పుకోలేదు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి పైపును లోపల నుంచి కూడా తుప్పు తింటుంది. మొత్తం పైపు కొత్తది వేయించి, ఆయిల్ మార్పించి, పైపుల్లో చేరిన గాలి తీయించాను. బ్రేకుల దగ్గర పిసినారితనం చేయకండి.

నా పరువు పోయింది టింకరింగ్ (బండి రేకు పని) దగ్గర.

ఫ్లోరు, రన్నింగ్ బోర్డులు (డోర్ల కింద పొడుగునా ఉండే రేకు) బాగుచేయమని ఒక షాపులో బండి అప్పజెప్పాను. మూడు రోజులన్నాడు, రెండు రోజులకే ఇచ్చాడు. కింద నల్లటి అండర్ కోటింగ్, పైన మెరిసే పెయింటు. ముచ్చటేసి 8,500 చేతిలో పెట్టాను. బిల్లు కూడా అడగలేదు.

తనిఖీ రోజు ఇన్‌స్పెక్టర్ వంగి డ్రైవర్ వైపు రన్నింగ్ బోర్డును బొటనవేలితో నొక్కాడు. అరచేయంత పెచ్చు ఊడి కింద పడింది. లోపల రేకు లేదు. లప్పం, దాని వెనక కుక్కిన గుడ్డపేలికలు. తాళంచెవితో ఫ్లోరు పొడిస్తే చెవి మొదలంటా దిగింది. "ఏం పెద్దమనిషీ, దీంట్ల పిల్లల్ని కూసోబెడ్తవా?" అన్నాడు, అందరూ వినేలా. లైన్లో ఉన్న డ్రైవర్లు నవ్వారు. ముప్పై ఏళ్ళు లెక్కల మాస్టారుగా చేశాను. ఒక్కరోజు కూడా ఎవరితో మాట పడలేదు. నా వెనక ఆటోలో కూర్చున్నవాడు నా దగ్గర పదో తరగతి చదివినవాడే. వాడు మాత్రం నవ్వలేదు, తల దించుకున్నాడు. ఆ చూపు తప్పించడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అటునుంచి అటే షాపుకు పోయాను. "నీ బండిల ఇనుమే లేదు సార్, దేనికి వెల్డింగ్ పెట్టాలె?" అన్నాడు. ఆ ముక్క డబ్బు తీసుకోకముందు చెప్పాలి కదా! చెదలు తిన్న దూలానికి సున్నం కొట్టి కొత్త ఇల్లని అప్పజెప్పేవాడిని ఏమనాలి? చేతిపని చేసుకుని బతికేవాళ్ళంటే నాకు గౌరవం. ఇది చేతిపని కాదు, మోసం.

సాయంత్రం ఆ ఆటో పిల్లాడే ఇంటికొచ్చి, ఆటోనగర్‌లో తనకు తెలిసిన ముసలి టింకరింగ్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాడు. మేస్త్రీ పాత స్పీకర్ అయస్కాంతం తెచ్చి బండి చుట్టూ ఆనించుకుంటూ పోయాడు. రేకున్న చోట టక్కున పట్టింది, లప్పం ఉన్నచోట జారిపడింది. ఎంతమేర పోయిందో సుద్దముక్కతో గీశాడు. తర్వాత సీట్లు విప్పి కార్పెట్ ఎత్తాడు. కింద నాలా బురద ఎండి పెంకులు కట్టింది. దాని కింద రేకు పొరలు పొరలుగా లేచి, రూపాయి బిళ్ళంత కన్నాల్లోంచి నేల కనిపిస్తోంది. నీళ్ళు పోవడానికి డోర్ల అడుగున, రన్నింగ్ బోర్డుల అడుగున కంపెనీ పెట్టిన సన్నని కన్నాలన్నీ ఆ బురదతో పూడిపోయాయి. ఏడాది పాటు తడి లోపలే ఉండిపోయింది.

బ్యాటరీ వైరు తీసి పని మొదలుపెట్టాడు. తెల్లటి ఇనుము తగిలేదాకా కోశాడు. 20 గేజి రేకు కొలతకు వంచి వెల్డింగ్ చేశాడు. అతుకుల మీద ప్రైమర్, సీలెంట్, ఆ తర్వాతే కోటింగ్. ఆరు రోజులు పట్టింది. 14,000 తీసుకున్నాడు. ప్రతి దశా నాకు ఫోన్ చేసి పిలిచి చూపించాకే ముందుకెళ్ళాడు. మీరు కూడా వెల్డింగ్ కళ్ళతో చూడనిదే కోటింగ్ కొట్టనివ్వకండి. ఫొటోలు తీసుకోండి. పని మధ్యలో సగం డబ్బు మించి ఇవ్వకండి.

రెండోసారి అదే ఇన్‌స్పెక్టర్ తాళంచెవితో కొట్టాడు. ఖంగుమంది. ఏమీ మాట్లాడకుండా సంతకం పెట్టాడు.

రాత్రి బాగా వాన పడింది. పొద్దున్నే చాప ఎత్తి చూస్తే ఫ్లోరు పొడిగా ఉంది. డోర్ల కింది కన్నాల్లోంచి నీళ్ళు చుక్కచుక్కగా కారిపోతున్నాయి. మొదటి షాపువాడు నా 8,500 ఇంకా ఇవ్వలేదు. ఊడిన పెచ్చు సంచీలో దాచిపెట్టాను. సోమవారం దాన్ని పట్టుకుని మళ్ళీ పోతున్నాను.