బ్యాలెన్సింగ్‌లో సున్నా వచ్చినా వంద దగ్గర వణికే ఎస్‌యూవీ

నాలుగు చక్రాలకూ బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానం చేయడం) అయింది, మిషన్ సున్నా చూపించింది, అలైన్‌మెంట్ కూడా చేశారు. ఓఆర్ఆర్ ఎక్కి వేగం 95 దాటగానే మళ్లీ అదే అదురు. ఇక్కడే చాలామంది షాకబ్జార్బర్లు, బుష్‌లు మార్పించడం మొదలుపెడతారు. దయచేసి ఆగండి. అలైన్‌మెంట్ తప్పితే బండి పక్కకు లాగుతుంది, టైరు ఓరగా అరుగుతుంది. అంతేగానీ వణుకు దానివల్ల పుట్టదు. ముందు తెలుసుకోవాల్సింది ఆ అదురు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందన్నది.

ఫార్చ్యూనర్‌కి వచ్చే 265/65 ఆర్17 టైరునే తీసుకుందాం. చుట్టుకొలత దాదాపు 2.44 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 11 సార్లకు కొంచెం పైనే తిరుగుతుంది. డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) నిష్పత్తి 3.9 అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి దానికి శక్తి తెచ్చే పొడవాటి గొట్టం) అదే సమయంలో 44 సార్లు తిరుగుతుంది. ఫోన్‌లో ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వేసుకుని, యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ తెరిచి, ఫోన్‌ను కన్సోల్ మీద కదలకుండా బిగించి, పక్క సీట్లో ఉన్నవాళ్లను చూడమనండి. 100 వేగంలో గీత 11 (సెకనుకు ఎన్నిసార్లన్న లెక్క) దగ్గర లేస్తే చక్రం, 44 దగ్గర లేస్తే షాఫ్ట్, 88 దగ్గర లేస్తే షాఫ్ట్ జాయింట్ క్రాస్‌లు (కీళ్లలో ఉండే ప్లస్ ఆకారపు ముక్కలు) లేదా ఆ కీళ్ల కోణం. రాత్రంతా నిలబడ్డ టైరు కింద కాస్త చదునవుతుంది కాబట్టి, 20 కిలోమీటర్లు నడిచాకే కొలవండి.

రోడ్డు ఖాళీగా ఉన్నచోట 110 వరకు వెళ్లి న్యూట్రల్ వేసి వదిలి చూడండి (ఇంజిన్ మాత్రం ఆపకూడదు, స్టీరింగ్, బ్రేకు బలం పోతాయి). అదే వేగంలో అదురు అలాగే ఉంటే అది ఇంజిన్‌ది కాదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వచ్చి, వదలగానే తగ్గితే షాఫ్ట్ మీద అనుమానం పెట్టుకోండి. బ్రేకు వేసినప్పుడే వస్తే డిస్క్ చూడాలి. స్టీరింగ్ ఆడితే ముందు చక్రాలు, సీటు అదిరితే వెనకవి. ఇది చాలాసార్లు నిజమే గానీ ఎప్పుడూ కాదు.

ఎక్కువసార్లు దొరికే దొంగ చక్రమే. రిమ్ అంచున 30 గ్రాములు తేడా ఉంటే 100 వేగంలో దాదాపు మూడున్నర కిలోల బరువుతో లాగుతుంది, అదీ సెకనుకు 11 సార్లు. 60 వేగంలో ఆ లాగుడు కిలో పైచిలుకే. అందుకే ఊళ్లో ఏమీ తెలియదు. వానాకాలం పొలం బాటలో తిరిగిన బండికి నల్లరేగడి మట్టి రిమ్ లోపలి వైపు పట్టి ఎండిపోతుంది. అరచేతిలో పట్టేంత పెళ్ల కూడా 30 గ్రాములకంటే బరువే. ముందు దాన్ని గీకి కడగండి. బ్యాలెన్సింగ్‌కు అతికించిన వెయిట్లు ఊడితే ఆ చోట జిగురు మచ్చ కనిపిస్తుంది.

తర్వాత రిమ్ మధ్య రంధ్రం హబ్ (చక్రాన్ని బిగించే, దానితో పాటు తిరిగే భాగం) మీద సరిగ్గా కూర్చుంటోందా చూడాలి. ఫార్చ్యూనర్‌కి రంధ్రం 106.1 మిల్లీమీటర్లు. బయట కొన్న అలాయ్‌కి 110 ఉంటే చక్రం నట్ల మీదే కూర్చుంటుంది, మధ్యకు రాదు. దానికి ఆ సందును నింపే సెంట్రింగ్ రింగ్ కావాలి. హబ్ ముఖం మీద తుప్పును వైర్ బ్రష్‌తో తీసేసి, చక్రం గాలిలో ఉండగా నట్లను ఎదురెదురుగా చేత్తో బిగించి, చివరకు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) మాన్యువల్‌లో ఉన్న లెక్కకు తేవాలి. గాలి గన్‌తో ఒక్క దెబ్బకు బిగించడమే చాలా అదురులకు మూలం.

ఇంతా చేసినా తగ్గకపోతే చక్రం గుండ్రంగా లేదన్నమాట. బ్యాలెన్సింగ్ మిషన్ బరువే చూస్తుంది, ఆకారం చూడదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న టైరుకైనా సున్నా తేవచ్చు! జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి, మిగతా చక్రాలకు చెక్క అడ్డం పెట్టి, డయల్ గేజ్‌ను (ఎత్తుపల్లాలను ముల్లుతో చూపే కొలత పరికరం) ట్రెడ్ మధ్య గీత మీద ఆనించి చక్రాన్ని చేత్తో తిప్పండి. తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటితే వదలకూడదు. గేజ్ లేకపోతే ఇటుక మీద స్క్రూడ్రైవర్ మొనను ట్రెడ్ దగ్గరగా పెట్టి, సందు ఎక్కడ పెరిగి ఎక్కడ తగ్గుతోందో చూసి సుద్దతో గుర్తు పెట్టండి. గాలి తీసి, బీడ్ (రిమ్‌ను పట్టుకునే టైరు అంచు) వదిలించి, టైరును రిమ్ మీద సగం చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. ఎత్తైన చోటు టైరుతో పాటు కదిలితే తప్పు టైరుది, కదలకపోతే రిమ్‌ది. కొన్నిసార్లు రిమ్ పల్లం మీదికి టైరు మిట్ట వచ్చి రెండూ సరిపోతాయి, కొత్తది కొనక్కర్లేదు. రోలర్‌తో టైరును నొక్కి చూసే రోడ్ ఫోర్స్ మిషన్ ఉన్న షాపు దొరికితే ఇది ఇంకా తేలిక. లోపలి పొరలో గట్టిదనం తేడా ఉన్న టైరును అదే పట్టగలదు.

షాఫ్ట్ విషయంలో జాయింట్ క్రాస్‌లను చేత్తో ఊపి ఆట చూడండి, షాఫ్ట్‌ను మధ్యలో పట్టి ఉంచే సెంటర్ బేరింగ్ రబ్బరు చిరిగిందా చూడండి. ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించిన బండికి జాయింట్ కోణాలు మారిపోతాయి. రెండు ముక్కల షాఫ్ట్‌ను విప్పేముందు స్ప్లైన్ (రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి దూరే పళ్ల భాగం) దగ్గర రెండువైపులా కలిసేలా పెయింట్ గీత పెట్టమని మెకానిక్‌కు చెప్పండి. ఒక్క పన్ను తప్పి ఎక్కించినా కొత్త అదురు మొదలవుతుంది.