పలివెల పేరున్న కత్తి

కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు నిండితే గానీ కదపరు. బైకులు, పాల క్యాన్లు, కొబ్బరి మొక్కలు, పిల్లలు, అందరూ ఎక్కాక కూడా నడిపే కుర్రాడు గట్టు వైపే చూస్తున్నాడు, ఇంకో బండి రాకపోతుందా అని. ఎదురుగా ముక్తేశ్వరం కనిపిస్తూనే ఉంది. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన వచ్చి ఇన్నేళ్ళయినా ఇక్కడ ఇదే వరస. టికెట్టు రేటు పెంచడం మాత్రం మర్చిపోరు.

నేను ఆ ఎండలో నిలబడడానికి కారణం సంచిలో ఉన్న ఒక పాత గడ్డం కత్తి. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో 1800 పోసి కొన్నాను. మడత కత్తి, నల్ల కొమ్ము పిడి. పిడి మీద ఎవరో సూదితో, పెళ్ళి బిందెల మీద పేర్లు కొట్టించినట్టు, చుక్కలు చుక్కలుగా పొడిచారు: "వెం. రా., పలివెల". ఊరి పేరు లేకపోతే నేనూ కొనేవాణ్ణి కాదు.

పలకకి మొదట్లో తయారుచేసినవాళ్ళ ముద్రలు: నక్షత్రం, శిలువ, జోసెఫ్ రోడ్జర్స్ అండ్ సన్స్, 6 నార్ఫోక్ స్ట్రీట్, షెఫీల్డ్. దాని కింద "ఇంగ్లాండ్". దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో మెకిన్లీ టారిఫ్ చట్టం తెచ్చింది. అందుకని ఇలా దేశం పేరున్న కత్తి దాదాపుగా ఆ తర్వాతదే అయ్యుంటుంది. ఇంకో వరసలో, రాజావారికి కత్తులు చేసేవాళ్ళమని గొప్పగా కొట్టుకున్నారు. రాణి కాదు, రాజు. అంటే విక్టోరియా పోయిన 1901 తర్వాత తయారైందన్నమాట.

ఇంతవరకూ ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు. మిగతాదానికి ఊరు పట్టుకు తిరగాలి. కాకినాడలో దిగి ముందు యానాం వెళ్ళాను. 1954 దాకా ఫ్రెంచివాళ్ళున్న ఊరు కదా, ఫ్రాన్స్‌లో కత్తులకి పేరుపడ్డ తియేర్‌లో చేసిన కత్తి ఒక్కటైనా దొరక్కపోతుందా అని ఆశ. పాత సామాను కొనే ఆయన "కత్తులు లేవండి, ఖాళీ సీసాలు కావాలంటే చెప్పండి" అన్నాడు. యానాం సంగతి అంతే.

పంటు చివరికి కదిలింది. నా పక్కన ఒక పెద్దాయన, ఒళ్ళో గుడ్డ సంచిలో సన్నాయి. మేళమూ, క్షవరమూ రెండూ తరతరాలుగా నాయీబ్రాహ్మణుల పనే కదా. ముహూర్తాల రోజులు, అవతల పెళ్ళికి వెళ్తున్నాడు. మాటల్లో కత్తి చూపించాను. మొదట ముద్రలు చూస్తాడనుకున్నాను. చూడలేదు. పలక తెరిచి, అంచు ఎండకి పట్టి, తర్వాత వెన్ను మీద బొటనవేలితో రుద్ది చూశాడు.

"ముప్పావు అంగుళం ఉండాల్సిన పలక సగమైంది చూడండి. వెన్ను కూడా బల్లపరుపుగా అరిగింది. సానరాయి మీద వెన్నూ అంచూ రెండూ ఆనించే నూరతాం కదండీ. ఒక్క మనిషి గడ్డానికే అయితే నూరేళ్ళయినా ఇంత అరగదు. ఇది ఊరందరికీ గీసిన కత్తండి, ఆయ్."

"మరి పేరు, బాబాయ్ గారూ?"

"పేరు కొన్నాయనదండి. ఆసామి తన కత్తి తన ఇంట్లోనే ఉంచుకునేవోడు. మావోళ్ళే వెళ్ళి దాంతో గీసొచ్చేవోళ్ళు. ఆయన పోయాక కొడుకులు బ్లేడు రేజర్లలోకి దిగిపోతే, కత్తి మావోళ్ళకి ఇచ్చేసేవోరు."

చేసిన పనికి కళ్ళంలో ధాన్యం మేరగా కొలిచే రోజుల గురించీ, ఎయిడ్స్ భయం వచ్చాక జనం కొత్త బ్లేడు వేస్తేనే కుర్చీలో కూర్చోవడం గురించీ చెప్పాడు. ముక్తేశ్వరం వచ్చేసింది. పంటు ఇంకాస్త మెల్లగా నడిస్తే బాగుండేదనిపించింది. దిగుతూ, "పలివెల గుడి దగ్గర సెలూన్ ఉంటదండి, వాళ్ళ ముత్తాతలదే అయ్యుంటది" అన్నాడు.

పలివెలలో అడగ్గా అడగ్గా ఒక డాబా చూపించారు. పాత మండువా ఇల్లు పడగొట్టేశారు. టేకు స్తంభాలు, దూలాలు, వాటితో పాటు అటక మీద సామానంతా గుండుగుత్తగా అమ్మేశారు. ఆ ఇంటాయన కత్తి చూడకుండానే "ఏ పొలం తాలూకు?" అన్నాడు. భూమి కోసం కాదు, గడ్డం కత్తి కోసం వచ్చానంటే అనుమానం ఇంకా పెరిగింది.

ఆయన తల్లిగారు నయం. పిడి మీద చుక్కలు తడిమి చూసి, "మా ఇంట్లో వెం. రా.లు ముగ్గురు బాబూ. మావగారి తాతగారు, మావగారు, ఇదిగో వీడు" అన్నారు. తాత పేరు మనవడికి పెట్టే మన అలవాటు నాలాంటివాడి ప్రాణం తీస్తుంది. అయితే ఆ పెద్ద తాతగారు రాజమండ్రి హేవలాక్ వంతెన రాకముందే పోయారట. వంతెన పూర్తయింది 1900లో. కత్తి 1901 తర్వాతది. మూడో ఆయన చేతిలో ట్రిమ్మర్. మిగిలింది మావగారే.

"ఆయన సొంతంగా గీసుకోగా నేనెప్పుడూ చూళ్ళేదు. అరుగు మీద కూర్చుంటే వాళ్ళొచ్చి గీసేవారు" అన్నారావిడ.

పంటు మీద పెద్దాయన మాట అక్షరాలా నిలబడింది. నాకు ఒళ్ళు పులకరించింది. అంతలో కొడుకుగారు, "మా తాతగారిదే కదా, ఇక్కడ పెట్టేసి వెళ్ళండి" అన్నాడు. 1800కి కొన్నానన్నాను. కాఫీ వచ్చింది. ఆ ఊసు మళ్ళీ రాలేదు.

అక్కణ్ణించి గుడి దగ్గర సెలూన్‌కి వెళ్ళాను. పంటు మీద పెద్దాయన చెప్పిన చోటే ఉంది. షట్టరుకి తాళం. పక్క కొట్టతను "ముహూర్తాలు కదండీ, అందరూ మేళానికి పోయారు" అన్నాడు. షట్టరు మీద రాసిన నంబరుకి ఫోన్ చేశాను. అవతల డోలు మోత. కత్తి గురించండీ, పాత కత్తి, మీ తాతలదేమో అని రోడ్డు మీద నిలబడి అరిచాను.

"కటింగేనా? సాయంత్రం ఆరు దాటాక రండి!"