హార్బర్ వేలంపాట నుంచి పిచింగ్ టేబుల్ దాకా

విదేశీ ఛానెళ్లకు డాక్యుమెంటరీ ఐడియా పంపాలని నా దగ్గరికొచ్చే కుర్రాళ్లు ఎక్కువమంది ఒకే మాటంటారు: "అన్నా, వైజాగ్ మత్స్యకారుల మీద తీద్దామనుకుంటున్నాం." మత్స్యకారులంటే ఎవరు? పేరేంటి? ఇంట్లోకి కెమెరా రానిస్తారా? అక్కడ ఆగిపోతారు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇంతవరకూ పేపర్లో వచ్చేదే. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే వేలంలో చేపలు పాడుకునే ఒకావిడ ఉంది. పొద్దున అప్పు తెచ్చి కోనాం చేపలు కొంటుంది, గంపెత్తుకుని వీధులు తిరుగుతుంది, సాయంత్రానికి వడ్డీతో కట్టేస్తుంది. బోట్లు ఆగితే గంప ఖాళీ. పాత బాకీ మాత్రం ఆగదు. బోటెక్కే కలాసీకి నిషేధ భృతి ఉంది, 2025లో దాన్ని 20 వేలు చేశారు. చేపలమ్మే ఆడమనిషికి అది రాదు. జూన్ 15 తర్వాత ఆవిడ మళ్లీ వేలంలో నిలబడగలదా? తేదీ ముందే తెలుసు, ఏం జరుగుతుందో తెలీదు. ఛానెల్ తరఫున సినిమాలు ఎంచుకునే కమిషనింగ్ ఎడిటర్‌కి కావలసింది ఇలాంటిదే.

ఆవిణ్ణి అడిగితే, "నా అప్పుల గొడవ ఆ దేశాలోళ్లకెందుకు బాబూ?" అంది. ఛానెళ్లవాళ్ల ముందు కూర్చుని ఐడియా వినిపించే పిచింగ్ టేబుల్ దగ్గరా ఇదే అడుగుతారు, కాస్త మర్యాదగా. చివరికి ఒప్పుకుంది, అప్పిచ్చినాయన మొహం చూపించకూడదన్న షరతు మీద. ఆ షరతు ప్రపోజల్లోనే రాసేశాను.

ఇలా పిచ్ చేసే డాక్యుమెంటరీ వేదికలు చాలానే ఉన్నాయి: ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇడ్ఫా, టొరంటోలో హాట్ డాక్స్, మనకు దగ్గర్లో కోల్‌కతా డాక్‌ఎడ్జ్. ఎక్కడైనా చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే, ట్రైలర్ కూడా అందులోనే. దాన్ని ఆర్కే బీచ్ డ్రోన్ షాటుతోనో కురుసుర సబ్‌మెరైన్‌తోనో మొదలుపెట్టకండి, దండం పెడతా. మా ట్రైలర్ ఆవిడ చేతివేళ్లతో మొదలవుతుంది: వేలంపాట పెరిగేకొద్దీ బొటనవేలితో కణుపులు లెక్కపెట్టుకుంటూ, ఒకచోట ఆగి, చెయ్యి దించేస్తుంది.

డబ్బు సంగతి తేల్చుకుని వెళ్లండి. బీబీసీ డాక్యుమెంటరీ స్లాటు స్టోరీవిల్ అయినా, ఫ్రెంచ్-జర్మన్ ఛానెల్ ఆర్టే అయినా, జపాన్ ఎన్‌హెచ్‌కే అయినా సినిమా ఖర్చంతా ఒక్కరే భరిస్తారని ఆశ పెట్టుకోవద్దు. ప్రీ-సేల్ అంటే ప్రసార హక్కు ముందే కొనుక్కోవడం, మొత్తం చిన్నది. కో-ప్రొడక్షన్ అయితే, అంటే నిర్మాణంలో వాళ్లూ భాగస్వాములైతే, ఎక్కువిస్తారు, ఎడిటింగ్‌లో మాటా చెల్లించుకుంటారు. మిగతాది ఎక్కణ్ణుంచి తెస్తావని అడిగినప్పుడు నీళ్లు నమిలితే అంతే సంగతులు.

ఒక కమిషనింగ్ ఎడిటర్ మా ట్రైలర్ చూసి, "షూటింగ్ టైంలో తుఫాను వచ్చే అవకాశం ఉందా?" అన్నాడు, ఆశగా. 2014 హుద్‌హుద్ చూసినవాణ్ణి, ఒళ్లు మండింది. "తుఫాను చెప్పలేనండీ, వడ్డీ మాత్రం రోజూ వస్తుంది" అన్నాను. నవ్వలేదు. 52 నిమిషాల స్లాటుకి అవుట్‌లైన్ పంపమన్నాడు. తుఫాను లేకుండానే పంపాను.