ఎనిమిదో వీధిలో ఇత్తడి వలయం

తెల్లవారుజామున మూడింటికే నాన్న లేచి కూర్చున్నాడు. తెనాలి నుంచి వచ్చి అప్పటికి ఐదు రోజులే, జెట్‌లాగ్ ఇంకా వదల్లేదు. మామూలుగా అయితే "ఇంకాసేపు పడుకో నాన్నా" అనేదాన్ని. ఆ రోజు మాత్రం ఆ మెలకువే మాకు కావాలి. మేం వచ్చిందే చీకటి ఉండగా ఒక రోడ్డు మధ్యలో నిలబడటానికి.

ఊరి పేరు మానిటోవాక్. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మిషిగన్ సరస్సు ఒడ్డున ఉంది. షికాగో పక్కన నేపర్‌విల్‌లో మా ఇంటి నుంచి మిల్వాకీ మీదుగా మూడు గంటల పైనే ప్రయాణం. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి ఓడల కర్మాగారంలో 28 జలాంతర్గాములు కట్టారు. చూడటానికి వచ్చేవాళ్ళు ఎక్కువగా ఆ జలాంతర్గాముల మ్యూజియం కోసమో, సరస్సు దాటించే బ్యాడ్జర్ ఓడ కోసమో వస్తారు. మేం మాత్రం 1962 సెప్టెంబరు 5న ఒక సోవియట్ వ్యోమనౌక ముక్క పడిన చోటు కోసం వచ్చాం.

నాన్నను ఇక్కడికే తీసుకురావాలనిపించడానికి కారణం స్కైలాబ్, అదుపు తప్పి కూలిన అమెరికా అంతరిక్ష కేంద్రం. 1979లో ఆయనకి పదిహేడేళ్ళు. జులై మొదట్లోనే ఊళ్ళో ఎవరూ పనుల్లోకి వెళ్ళడం మానేశారట. అప్పిచ్చినవాళ్ళు అడగలేదు, తీసుకున్నవాళ్ళు కట్టలేదు. పొదుగుతున్న కోడిపెట్టను కూడా నాయనమ్మ కోసి కూర వండింది. తాతయ్య గేదెను దూడతో సహా అమ్మేసి, ఆ డబ్బుతో ఇంట్లో అందరికీ కొత్త బట్టలు తెచ్చాడు. 11వ తేదీ రాత్రి ఊరంతా రామాలయం అరుగు మీదే ఉంది. నాన్న, ఆయన స్నేహితుడొకాయన గడ్డివాము ఎక్కి పడుకుని తెల్లార్లూ ఆకాశం చూస్తూనే ఉన్నారు. పొద్దున రేడియోలో తెలిసింది, అది హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడిందని.

ఈ కథ చెప్పినప్పుడల్లా విన్నవాళ్ళు నవ్వుతారు. నాన్న నవ్వడు. "77 టన్నుల ఇనుము నెత్తి మీద తిరుగుతోంది. ఎక్కడ పడుతుందో దాన్ని పంపినవాళ్ళకే తెలియదు. భయపడ్డామంటే మేం పిచ్చోళ్ళమా అమ్మలూ?" అంటాడు. చిన్నప్పటి నుంచి వింటున్న ఆ ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబు ఉండేది కాదు. మానిటోవాక్ గురించి చదివాక ముందు ఆ ప్రశ్నే గుర్తొచ్చింది.

ఐదుంబావుకి నార్త్ ఎయిత్ స్ట్రీట్‌కి చేరాం. ఒక్క కారు లేదు. సరస్సు మీద నుంచి చలిగాలి కొడుతోంది. వీధికి ఒక పక్కన రార్-వెస్ట్ ఆర్ట్ మ్యూజియం, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కట్టిన పాత భవంతి. దాని ముందు, రోడ్డు సరిగ్గా మధ్యలో ఒక ఇత్తడి వలయం బిగించి ఉంది. ఫుట్‌పాత్ వైపు ఒక గ్రానైట్ ఫలకం. అంతే. అటూ ఇటూ చూసి, బండ్లేవీ రావడం లేదని ఖాయం చేసుకుని, నాన్న మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వలయం మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. మంచుకి తడిగా, చల్లగా ఉందన్నాడు. టైర్లు తొక్కి తొక్కి అంచు నున్నబడింది. లోపల ప్రత్యేకంగా ఏమీ లేదు, రోడ్డే.

1962లో ఆ ముక్క పడిన రోజు తెల్లవారుజామున, ఇంచుమించు ఇదే వేళకి, ఇద్దరు పోలీసులు గస్తీ తిరుగుతూ ఈ రోడ్డు మధ్యలో ఏదో పడి ఉండటం చూశారు. మొదట అట్టముక్క అనుకున్నారు. తర్వాత దిగి చూస్తే లోహపు ముద్ద, రోడ్డులోకి దిగబడి ఉంది. పట్టుకోబోతే వేడిగా ఉంది. ఏదో ఫౌండ్రీ లారీలోంచి జారిపడిన చిట్టెం, అంటే లోహం కరిగించాక మిగిలే మడ్డి, అనుకుని, బండ్లకి అడ్డం లేకుండా కాలితో పక్కకి నెట్టేసి వెళ్ళిపోయారు. ఉపగ్రహం ఒకటి ఆ చుట్టుపక్కలే కాలిపోయిందన్న వార్త తర్వాత చెవిన పడ్డాక గానీ వాళ్ళకి అనుమానం రాలేదు. అప్పుడు మళ్ళీ వచ్చి వెతికితే, ముద్ద అక్కడే రోడ్డు పక్కన పడి ఉంది. బరువు దాదాపు 20 పౌండ్లు, మన లెక్కలో తొమ్మిది కిలోల పైమాట.

అది స్పుత్నిక్ 4. సోవియట్లు 1960 మే 15న పంపారు. బరువు నాలుగున్నర టన్నులు. మనిషిని పంపడానికి తయారుచేస్తున్న నౌకకి అది తొలి పరీక్ష, లోపల మనిషి లేడు, బొమ్మ ఉంది. నాలుగు రోజుల తర్వాత కిందికి దించడానికి ఇంజన్ వెలిగించారు. కానీ దిశ చూసుకునే పరికరం పనిచేయక నౌక తప్పు వైపుకి తిరిగి ఉంది. దాంతో దిగాల్సింది ఇంకా పైకి వెళ్ళింది. గాలి పొర పలచగా ఉన్నచోట రెండేళ్ళకు పైగా తిరిగి తిరిగి, కొద్దికొద్దిగా వేగం తగ్గి, చివరికి అమెరికా మీద కాలిపోయింది. ఈలోగా అదే రకం నౌకలో తొలి వ్యోమగామి గగారిన్ 1961 ఏప్రిల్ 12న వెళ్ళి క్షేమంగా తిరిగి వచ్చాడు. స్పుత్నిక్ 4 తిరుగుతున్న ఆ రెండేళ్ళూ అందులో ఒక మనిషి చిక్కుకుపోయాడన్న పుకారు కూడా తిరిగింది. సోవియట్లు వివరాలేవీ బయటపెట్టేవారు కాదు, ఆ దాపరికమే పుకార్లకి దారి ఇచ్చింది.

"మరి ఇది వస్తోందని ఇక్కడ ఎవరికీ తెలియదా?" అన్నాడు నాన్న.

తెలుసు. నన్ను ఎక్కువగా కదిలించేది ఆ భాగమే. మిల్వాకీలో కొందరు మామూలు జనం ఆ వేళ ఆకాశం చూస్తూనే ఉన్నారు. ఫ్రెడ్ విపుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1956లో మూన్‌వాచ్ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. ఉపగ్రహాలు ఇంకా పుట్టకముందే, వాటిని కనిపెట్టుకుని ఉండటానికి ఊరూరా వలంటీర్లని తయారుచేశాడు. టీచర్లు, గృహిణులు, స్కూలు పిల్లలు, వరసగా బెంచీల మీద కూర్చుని, చిన్న చిన్న టెలిస్కోపుల్లోకి వంగి చూస్తూ, చుక్క కదిలిన క్షణాన్ని రాసుకునేవారు. జీతం లేదు, చలి ఉంది, చాలా రాత్రులు ఏమీ కనిపించదు కూడా. మిల్వాకీ బృందం స్పుత్నిక్ 4 ముక్కలుగా విడిపోవడాన్ని కళ్ళారా చూసింది. ఆకాశంలో మంటని చూసినవాళ్ళు అక్కడ, నేల మీద ముద్దని చూసినవాళ్ళు ఇక్కడ. ఆ రెండు కబుర్లూ కలిసిన తర్వాతే ముద్ద ఏమిటో తెలిసింది.

ఆ పనిలో విపుల్‌కి కుడిభుజంగా ఉన్నది అలెన్ హైనెక్. ఆయన జీవితంలో ఇంకో సగం కూడా ఉంది. 1948 నుంచే ఆయన అమెరికా వైమానిక దళానికి సలహాదారు, జనం చూశామని రాసే ఎగిరే పళ్ళేల ఉత్తరాలని పరిశీలించేవాడు. ఒక చేత్తో ఉపగ్రహాల లెక్క, ఇంకో చేత్తో అంతుచిక్కని వెలుగుల లెక్క. తర్వాత ఆయన మా ఇంటికి గంట దూరంలోని ఎవాన్‌స్టన్‌లో, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో పనిచేశాడు. ఆ దారిన ఎన్నోసార్లు వెళ్ళాను, అప్పుడు ఈ సంగతి తెలియదు.

కార్లో హీటర్ వేసుకుని, ఫ్లాస్కులో తెచ్చిన కాఫీ తాగుతూ నాన్నకి ఇవన్నీ చెప్పుకొచ్చాను. 1957 నవంబరు 2 రాత్రి టెక్సస్‌లో లెవెల్‌లాండ్ అనే ఊరి చుట్టుపక్కల, రోడ్డు మీద గుడ్డు ఆకారంలో వెలుగు కనిపించిందని, దగ్గరికి వెళ్ళగానే కారు ఇంజన్ ఆగిపోయిందని, ఒకరి తర్వాత ఒకరు పోలీసులకి ఫోన్లు చేశారు. కొన్ని గంటల తేడాలోనే సోవియట్లు లైకా అనే కుక్కతో స్పుత్నిక్ 2 పంపారు. తుఫాను మెరుపులంటూ వైమానిక దళం తేల్చేసింది. ఆ జవాబుకి అప్పట్లో తలూపినందుకు హైనెక్ తర్వాతి కాలంలో బాధపడ్డాడు. 1969లో ఈ నివేదికలు చూసే వైమానిక దళ విభాగాన్ని మూసేసే నాటికి వాళ్ళ దగ్గర 12,618 నివేదికలున్నాయి. వాటిలో 701కి కారణం దొరకలేదు.

ఇంకొకటి నాన్న రెండుసార్లు చెప్పించుకున్నాడు. 1968 మార్చి 3 రాత్రి సోవియట్ల జోండ్ 4 ప్రయోగం తాలూకు శకలాలు అమెరికా తూర్పు రాష్ట్రాల మీదుగా కాలుతూ పోయాయి. వరసగా కదిలే నిప్పుకణికలు, అంతే. చాలామంది ఉన్నదున్నట్టే చెప్పారు. కొందరు మాత్రం చుట్ట ఆకారంలో పెద్ద ఓడ వెళ్ళిందని, దానికి దీపాలు వెలుగుతున్న కిటికీలున్నాయని రాశారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వెలుగులు నిజం, వాటి వరస నిజం. వాటిని కలుపుతూ నల్లటి ఓడని గీసింది వాళ్ళ మనసు.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఆ రాత్రి గడ్డివాము మీద మాకూ కనిపించిందమ్మా. ఎర్రగా, తూర్పు వైపు. అదే స్కైలాబ్ అని ఇద్దరం ఒట్టేసుకున్నాం. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు."

స్కైలాబ్ మన ఆకాశంలో కాలలేదు. బహుశా ఏ విమానమో, ఉల్కో అయ్యుంటుంది. ఆ మాట ఆయనకి చెప్పాను. "అయ్యుంటుంది" అని ఒప్పుకున్నాడు. "కానీ చూశాం." ఆ "చూశాం" అన్నదాన్ని ఆయన దగ్గర్నుంచి ఎవరూ లాక్కోకూడదని నాకు అనిపించింది. హైనెక్ పోరాడింది కూడా ఇంతకే అనుకుంటాను. చూసినవాళ్ళని వెర్రివాళ్ళు అనకండి, ఏం చూశారో ఓపిగ్గా అడగండి అని.

మ్యూజియం తెరిచేదాకా సరస్సు ఒడ్డున తిరిగాం. లోపల గాజు పెట్టెలో ఉన్నది అసలు ముక్క కాదు, నాసా చేయించి ఇచ్చిన నమూనా. అయినా అచ్చం అలాగే ఉంటుంది. నల్లగా, గరుకుగా, ఒక పక్క కరిగి గడ్డకట్టినట్టు. నాన్న కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. చూడగానే, "ఇది మన కొలిమి దగ్గర పడేసే చిట్టెం ముద్దే కదా!" అన్నాడు. ఆ పోలీసులు అనుకున్నది కూడా అదేనని పొద్దున చెప్పాను కదా అంటే, "చెప్పావులే, కానీ చూస్తే నేనూ కాలితో నెట్టేసేవాణ్ణే" అన్నాడు.

అసలు ముక్కని అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ శాస్త్రవేత్తలు తీసుకెళ్ళి, కొంచెం కోసి పరీక్షించారు. మనిషి తయారుచేసిన ఇనుము రెండేళ్ళకు పైగా అంతరిక్షంలోని విశ్వకిరణాల్లో నాని తిరిగి చేతికి దొరకడం అరుదు, అందులో పుట్టిన రేడియోధార్మికతని కొలిచి ఉల్కల గురించి కూడా నేర్చుకున్నారు. అదే నెలలో అమెరికా దాన్ని ఐక్యరాజ్యసమితిలో చూపించి, మీది మీరు తీసుకోండి అంది. సోవియట్లు మొదట మాది కాదన్నట్టే ఉండి, 1963 మొదట్లో తీసుకున్నారు. పడినదాన్ని సొంతదారుకి తిరిగి ఇవ్వాలని, నష్టం జరిగితే పంపిన దేశమే కట్టాలని చట్టాలు ఆ తర్వాత వచ్చాయి, 1967లో ఒకటి, 1972లో ఒకటి. 1978లో సోవియట్ల ఉపగ్రహం కాస్మోస్ 954 అణు ఇంధనంతో కెనడా మంచు మీద పడితే, కెనడా ఆ చట్టం చూపించే 60 లక్షల డాలర్లు అడిగి 30 లక్షలు రాబట్టుకుంది. మనమూ ఇప్పుడు ఆ వరసలో ఉన్నాం. 2023 జులైలో పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి కొట్టుకొచ్చిన పెద్ద సిలిండర్ మన పీఎస్‌ఎల్‌వీ భాగమేనని తేలింది. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరిన ప్రతిసారీ నాన్న టీవీ ముందు చప్పట్లు కొడతాడు. ఆ వార్త వచ్చిన రోజు మాత్రం ఫోన్ చేసి, "అక్కడ ఎవరికీ ఏం కాలేదు కదా?" అని అడిగాడు.

మధ్యాహ్నం బయల్దేరేముందు ఇంకోసారి వలయం దగ్గరికి వెళ్దామన్నాడు. ఇప్పుడు వీధిలో బండ్లు తిరుగుతున్నాయి. ఫుట్‌పాత్ మీదే నిలబడి, తెనాలికి ఫోన్ కలిపాడు. అక్కడ రాత్రి పదకొండు దాటింది. గడ్డివాము మీద ఆయన పక్కన పడుకున్న స్నేహితుడికి.

"ఒరేయ్, పడుకున్నావా? ముక్క పడ్డ చోటు చూశానురా... కాదు, స్కైలాబ్ కాదు, రష్యా వాళ్ళది... రోడ్డు మధ్యలో, ఉంగరం పెట్టి గుర్తు పెట్టారు."

అవతలి నుంచి ఏదో అడిగారు.

"ఇంత ఉంటుంది," అని నాన్న ఖాళీగా ఉన్న చెయ్యి చాపి, గాల్లో ఆ ముద్ద కొలత చూపించాడు. ఫోన్లో కనిపించదని గుర్తొచ్చి, "చిట్టెం ముద్దంత," అన్నాడు.